స్టేక్‌హౌస్ వైన్ లిస్టు చదవడం: నాణ్యత, ధర తేల్చుకునే పద్ధతి

అమెరికాలో కాస్త పేరున్న స్టేక్‌హౌస్‌లో మాంసం మెనూ ఒకటి రెండు పేజీలే ఉంటుంది, వైన్ లిస్టు మాత్రం పుస్తకమంత ఉంటుంది. బిల్లు వచ్చాక చూస్తే చాలాసార్లు సగం దానిదే. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఆఫీసు విందుకు వెళ్లిన మనవాళ్ల చేతికి ఆ పుస్తకం వస్తే ఎక్కువమంది చేసేది ఒకటే: ఎక్కడో విన్న పేరు కనిపించేదాకా పేజీలు తిప్పి, దాని మీద వేలు పెట్టడం. రెస్టారెంటువాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు. అందరూ అడిగే పేర్ల మీద గట్టిగా వేసుకోవడానికి వాళ్లు వెనకాడరు.

లిస్టు చదవడం వస్తే 70, 80 డాలర్ల సీసాతోనే బల్ల చుట్టూ ఉన్నవాళ్లందరూ "ఇదేమిటి, ఇంత బాగుంది" అనేలా చేయొచ్చు. చదవడం రాకపోతే 200 పెట్టినా సాదాసీదా వైన్ రావచ్చు. తేల్చుకోవాల్సినవి రెండే. ఈ లిస్టును ఎవరైనా శ్రద్ధగా కూర్చారా? షాపు ధర మీద ఎన్ని రెట్లు వేశారు? కింద చెప్పినదంతా ఆ రెండింటి కోసమే. ఇవి అమెరికా లెక్కలు. ఇండియాలో దిగుమతి వైన్ మీద ఏళ్ల తరబడి 150 శాతం కస్టమ్స్ సుంకం ఉంటూ వచ్చింది కాబట్టి హైదరాబాద్ స్టార్ హోటళ్లలో ఈ రెట్ల లెక్క పనిచేయదు.

1. వెళ్లేముందు ఇంట్లోనే చదవండి

చాలా స్టేక్‌హౌస్‌లు తమ లిస్టును వెబ్‌సైట్‌లో పీడీఎఫ్‌గా పెడతాయి. ముందు తేదీ చూడండి. నెలా రెండు నెలల కిందట మార్చినదైతే ఎవరో పట్టించుకుంటున్నారని అర్థం. ఏడాదిన్నరగా కదలకుండా ఉంటే, మీరు ఎంచుకున్నది అక్కడికి వెళ్లాక "అయిపోయింది సార్" అనే అవకాశం ఎక్కువ. తిండి ధరలన్నీ పెట్టి వైన్ ధరలు మాత్రం దాచిపెట్టిన చోట నేను మిగతా లిస్టును రెట్టింపు జాగ్రత్తతో చదువుతాను.

2. ప్రతి వరుసలో నాలుగు సంగతులు ఉండాలి

తయారు చేసినవాళ్ల పేరు, ద్రాక్ష రకం లేదా తోట పేరు, ప్రాంతం, పంట ఏడాది. "రిడ్జ్, మాంటె బెల్లో, శాంతాక్రూజ్ మౌంటెన్స్, 2015" అని ఉంటే మీకు కావలసిందంతా ఉంది. ఫోనులో వెతికితే ధర దొరుకుతుంది, ఏడాది ఎలాంటిదో తెలుస్తుంది. "కాబర్నే సావిన్యాన్, నాపా, 95 డాలర్లు" అని వదిలేస్తే రెడ్ వైన్ ద్రాక్ష రకం, కాలిఫోర్నియాలోని ఒక ప్రాంతం, ధర తప్ప మీ చేతిలో ఏమీ లేదు. ఈ నాలుగింటిలో ఎక్కువగా ఎగ్గొట్టేది ఏడాదిని. ఏడాది రాయకపోతే, చేతికొచ్చింది ఏదైనా అదే ధరకు తెరవొచ్చు.

లేబుల్ మీది కొన్ని మాటల వెనుక చట్టం ఉంది, కొన్నింటి వెనుక ఏమీ లేదు. అమెరికాలో ద్రాక్ష రకం పేరు రాయాలంటే ఆ రకం కనీసం 75 శాతం ఉండాలి. నాపా వ్యాలీ లాంటి గుర్తింపు పొందిన ద్రాక్ష ప్రాంతం పేరు పెట్టాలంటే 85 శాతం ద్రాక్ష అక్కడిదే కావాలి, పంట ఏడాది కూడా వేస్తే 95 శాతం ఆ ఏడాదిదే కావాలి. "రిజర్వ్" అన్న మాటకు మాత్రం అమెరికా చట్టంలో ఏ అర్థమూ లేదు, ఎవరైనా పెట్టుకోవచ్చు. అదే స్పెయిన్‌లోని రియోహాలో రెడ్ వైన్‌కు "రిజర్వా" అని రాయాలంటే కనీసం మూడేళ్లు ఆగాలి, అందులో ఏడాది ఓక్ పీపాలో గడపాలి. "గ్రాన్ రిజర్వా" అంటే ఐదేళ్లు. అందుకే లిస్టులో "రిజర్వ్" కనిపించినంత మాత్రాన ఎక్కువ డబ్బు పెట్టకండి, "రిజర్వా" కనిపిస్తే ఆగి చూడండి.

3. రెట్లు లెక్కగట్టండి

ఇది అసలు పని. కాస్త ఓపిగ్గా చదవండి.

1933లో మద్యనిషేధం ఎత్తేశాక అమెరికా రాష్ట్రాల్లో చాలావరకు మూడంచెల పద్ధతి వచ్చింది. వైనరీ డిస్ట్రిబ్యూటరుకు అమ్ముతుంది, డిస్ట్రిబ్యూటరు షాపుకో రెస్టారెంటుకో అమ్ముతాడు, మనం వాళ్ల దగ్గర కొంటాం. షాపువాళ్లు కొన్న ధర మీద రమారమి సగం వేసుకుంటారు. అంటే షాపులో 30 డాలర్లున్న సీసా రెస్టారెంటుకు దాదాపు 20కి పడి ఉంటుంది. దాన్ని లిస్టులో 60కి పెడితే కొన్నధరకు మూడు రెట్లు, షాపు ధరకు రెండు రెట్లు. ఇది న్యాయమైన ధరే అంటాను. వైన్ దాచే సెల్లార్ గదిని చల్లగా ఉంచే కరెంటు, పగిలే గ్లాసులు, వైన్ చూసుకునే సొమెలియే జీతం, ఏళ్ల తరబడి సీసాల్లో ఇరుక్కున్న పెట్టుబడి అన్నీ అందులోంచే రావాలి.

బంగారం కొట్లో గ్రాము రేటు గురించి ఎవరూ వాదించరు, మనం గీచి గీచి అడిగేది తరుగు, మజూరీ గురించే. ఇక్కడ షాపు ధరే గ్రాము రేటు, మిగతాది మజూరీ. ఆ మజూరీ ఎంతో తేల్చడానికి కొలతబద్దల్లాంటి సీసాలు కావాలి. దాదాపు ప్రతి అమెరికన్ స్టేక్‌హౌస్‌లోనూ దొరికేవి కొన్ని ఉన్నాయి: సోనోమా నుంచి జోర్డన్ కాబర్నే, సిల్వర్ ఓక్ వాళ్ల అలెగ్జాండర్ వ్యాలీ కాబర్నే, కేమస్ నాపా కాబర్నే, డక్‌హార్న్ మెర్లో, షాంపేన్‌లో వవ్ క్లికో పసుపు లేబుల్. వీటిలో మూడు తీసుకోండి. వాటి షాపు ధర వైన్ సెర్చర్ సైట్‌లోనో మీ ఊరి షాపు సైట్‌లోనో చూడండి. లిస్టు ధరను దానితో భాగించండి.

రెండుకు అటూ ఇటూ వస్తే మంచి చోటికి వచ్చారు. రెండున్నర స్టేక్‌హౌస్‌లకు మామూలే. మూడు దాటితే, లాస్ వేగాస్ కాసినో హోటల్లోనో మాన్‌హాటన్ నడిబొడ్డులోనో అయితే అద్దె కారణం అనుకోవచ్చు. వేరే చోటైతే ఒక్కో గ్లాసు తీసుకుని ఊరుకోవడం నయం.

తర్వాత చాలామంది చేయని పని ఒకటి చేయండి. మీరెప్పుడూ వినని పేర్లు రెండు మూడు తీసుకుని వాటికీ అదే లెక్క వేయండి. పేరున్న వాటికీ లేనివాటికీ ఒకటే రెట్టు ఉంటే లిస్టును కాలిక్యులేటర్‌తో వేశారని అర్థం. కేమస్ రెండున్నర రెట్లుండి, పేరు తెలియని పోర్చుగల్ రెడ్ 1.75 రెట్లో రెండు రెట్లో ఉంటే, దాన్ని మీ చేత తాగించాలని అక్కడ ఎవరికో కోరిక ఉంది. నేను కళ్లు మూసుకుని ఆ రెండోదే తెప్పిస్తాను. లిస్టు కూర్చినవాళ్ల మనసు బయటపడే చోటు ఇదే.

రెట్టు ఒక్కటే చూస్తే మోసపోతాం కూడా. చాలా లిస్టుల్లో ధర పెరిగేకొద్దీ రెట్టు తగ్గుతుంది. 15 డాలర్ల వైన్‌ను 48కి పెడితే మూడుకు పైనే, 40ది 100కి పెడితే రెండున్నర, 150ది 300కి పెడితే రెండే. "రెండు రెట్లేగా" అని ఆ చివరిది తీసుకుంటే మజూరీ కిందే 150 డాలర్లు పోయాయి, మొదటిదానిలో పోయింది 33. నా లెక్కలో షాపులో 30 నుంచి 50 దాకా ఉండి, లిస్టులో 70 నుంచి 110 మధ్య పలికేవాటిలో డబ్బుకు తగిన సరుకు ఎక్కువ.

లిస్టులో చవకలో రెండోదాన్ని తీసుకోవద్దని, మొహమాటపడేవాళ్లంతా దాన్నే అడుగుతారు కాబట్టి మోసమంతా అక్కడే ఉంటుందని ఒక మాట బాగా ప్రచారంలో ఉంది. లండన్‌లో రెండొందలకు పైగా రెస్టారెంట్ల లిస్టులను ఇద్దరు ఆర్థికవేత్తలు పరిశీలించి అది నిజం కాదని తేల్చారు. ఆ లండన్ లిస్టుల్లో రెట్లు ఎక్కువ పడింది మధ్య ధరల మీద. కాబట్టి చవకలో రెండోది మీకు నచ్చితే నిస్సంకోచంగా తీసుకోండి. నేను పైన చెప్పిన 70 నుంచి 110 మధ్యలో ఒక్కొక్కదానికీ లెక్క వేసి చూడమనేదీ ఇందుకే.

కొన్ని సీసాల ధర ఎక్కడా దొరకదు. అవి రెస్టారెంట్ల కోసమే వేరే లేబుల్‌తో చేయించినవి కావచ్చు. పోల్చుకునే ధర లేదంటే కొనేవాళ్లకు ఆధారం లేనట్టే, వాటిని వదిలేయడం మంచిది. అలాగే లిస్టు ధర మీద సేల్స్ టాక్స్, 18 నుంచి 20 శాతం టిప్పు పడతాయని మర్చిపోవద్దు. 100 డాలర్ల సీసా మీ జేబులోంచి తీసేది దాదాపు 128.

4. గ్లాసు పేజీ

సీసాలో 750 మిల్లీలీటర్లు ఉంటాయి. 150 చొప్పున పోస్తే ఐదు గ్లాసులు, కొన్ని స్టేక్‌హౌస్‌లు 175 దాకా పోస్తాయి కాబట్టి నాలుగు. రెస్టారెంట్లలో ఉన్న మోటు లెక్క ఏమిటంటే ఒక్క గ్లాసు అమ్మితే సీసా కొన్న డబ్బు వచ్చేయాలి. గ్లాసు 15 అయితే సీసా వాళ్లకు 15 లోపే పడి ఉంటుంది. ఇద్దరు కలిసి నాలుగు గ్లాసులు తాగేట్టయితే అదే వైన్ సీసాగా ఎంతుందో చూడండి. చాలాసార్లు సీసానే చవక.

గ్లాసు తీసుకుంటే ఆ సీసా ఎప్పుడు తెరిచారని అడగండి. ఇది తప్పుడు ప్రశ్న కాదు, మంచి చోట నవ్వుతూ చెబుతారు. నిన్న మధ్యాహ్నం తెరిచిన రెడ్‌లో పండు వాసన చాలావరకు పోయి ఉంటుంది. 2013లో వచ్చిన కొరవాన్ అనే పరికరం కార్కు తీయకుండా సన్నటి సూదితో వైన్ తీసి, ఖాళీ అయిన చోట ఆర్గాన్ వాయువు నింపుతుంది. అది వాడే చోట ఖరీదైన సీసాల్లోంచి చిన్న కొలత రుచి చూసే వీలుంటుంది. ఒక్కరే వెళ్లినప్పుడు నాకు చాలా ఇష్టమైన సదుపాయం అది.

5. నాపా పేజీలు దాటి వెనక్కి వెళ్లండి

స్టేక్‌హౌస్ అనగానే నాపా కాబర్నే. దానికి తగిన చరిత్ర ఉంది. 1976 మేలో పారిస్‌లో లేబుళ్లు దాచి పెట్టిన పోటీలో ఫ్రెంచి న్యాయనిర్ణేతలే నాపాకు చెందిన స్టాగ్స్ లీప్ వైన్ సెల్లర్స్ 1973 కాబర్నేను ఫ్రాన్స్‌లోని బోర్డో దిగ్గజాలకంటే పైన నిలబెట్టారు. అప్పటినుంచి నాపా ధరలు పెరుగుతూనే వచ్చాయి. ఇవాళ అక్కడి ఎకరం ధర, ఆ పేరుకున్న గిరాకీ కలిసి మామూలు నాపా కాబర్నే కూడా స్టేక్‌హౌస్‌లో వంద దాటిపోతుంది.

నలభై నాపా కాబర్నేలు, మిగతా ప్రపంచమంతా కలిపి అర పేజీ ఉన్న లిస్టు ఎంత లావున్నా నా దృష్టిలో పేదదే. "ఇతర రెడ్లు" అని రాసిన పేజీ తెరవండి. అక్కడ అర్జెంటీనా మెండోజా నుంచి మాల్బెక్, రియోహా రిజర్వా, వాషింగ్టన్ రాష్ట్రంలోని వాలా వాలా నుంచి సిరా, దక్షిణ ఫ్రాన్స్ నుంచి జిగోండాస్ లేదా వాకేరాస్, ఇటలీ కంపానియా నుంచి టౌరాసి, చిలీ మైపో కాబర్నే కనిపిస్తే శ్రద్ధ ఉన్నట్టే. మాంసానికి నాపాతో సమానంగా జోడు కుదిరేవి ఇవి, ధర చాలాసార్లు సగమే. కాబర్నేనే కావాలంటే కాలిఫోర్నియాలోనే పాసో రోబుల్స్ చూడండి.

తెల్ల వైన్ల పేజీని వదిలేయకండి. స్టేక్‌హౌస్‌లో భోజనం మొదలయ్యేది ఆయిస్టర్లతోనో రొయ్యల కాక్‌టెయిల్‌తోనో. షాబ్లీ, మస్కడే లాంటి పుల్లటి, తేలికపాటి వైన్లు ఉన్నాయంటే లిస్టు రాసినవాళ్లు వంటగదివైపు చూసి రాశారు. బరువైన ఓక్ వాసన షార్డొనేలు పది పెట్టి ఆపేశారంటే చూడలేదు. షాంపేన్‌లో లేబుల్ అంచున సన్నగా ఆర్‌ఎం అన్న అక్షరాలుంటే ద్రాక్ష పండించినవాళ్లే వైన్ చేశారని, ఎన్‌ఎం అంటే బయట ద్రాక్ష కూడా కొని చేసే సంస్థ అని. ఆర్‌ఎం సీసాలు రెండు మూడైనా ఉన్న లిస్టు మీద నాకు వెంటనే గౌరవం కలుగుతుంది.

గొప్ప లిస్టు ఎలా ఉంటుందో చూడాలంటే ఫ్లోరిడాలోని టాంపాలో ఉన్న బర్న్స్ స్టేక్ హౌస్‌ను చూడాలి. బర్న్ లాక్సర్ 1956లో మొదలుపెట్టాడు. ఇప్పుడు ఆ సెల్లార్‌లో ఐదు లక్షలకు పైగా సీసాలున్నాయి. దశాబ్దాల కిందట కొత్తగా ఉన్నప్పుడు కొని అక్కడే దాచినవి కాబట్టి పాత బోర్డోలు, పాత కాలిఫోర్నియా వైన్లు వేలంపాటల ధరలతో పోలిస్తే అందుబాటులో ఉంటాయి. సెల్లార్ ఉండటం అంటే అది.

6. ఏళ్లు

అన్ని ఏళ్లూ గుర్తుపెట్టుకోనక్కర్లేదు. స్టేక్‌హౌస్‌కు పనికొచ్చేవి కొన్నే. నాపాలో 2013, 2016, 2018, 2019 మంచి ఏళ్లు. 2011 చల్లగా, వానలతో గడిచింది; మంచి చేతుల్లో సన్నటి, సున్నితమైన వైన్లు వచ్చాయి, మిగతా చోట్ల పచ్చి వాసన. 2020లో ఆగస్టు నుంచి కార్చిచ్చుల పొగ, సెప్టెంబరు చివర్లో గ్లాస్ ఫైర్ అనే కార్చిచ్చు. ద్రాక్ష పొగ వాసన పీల్చుకుందని చాలా వైనరీలు ఆ ఏడాది రెడ్ చేయనేలేదు. నాపా 2020ని 2019 ధరకే అమ్ముతుంటే ఎందుకని అడగాలి. బోర్డోలో 2015, 2016 ధైర్యంగా తీసుకోవచ్చు, 2013 బలహీనం.

ఒకే వైనరీవి నాలుగైదు ఏళ్లవి వరుసగా ఉంటే అక్కడ వైన్ దాచిపెడుతున్నారన్నమాట. అన్నీ మార్కెట్లోకి కొత్తగా వచ్చిన ఏడాదివే అయితే సెల్లార్ లేదు, స్టోర్ రూమ్ ఉంది.

7. గోడ మీది అవార్డు

వైన్ స్పెక్టేటర్ పత్రిక ఇచ్చే గుర్తింపులో మూడు మెట్లున్నాయి. మొదటిదానికి కనీసం 90 రకాలు, రెండోదానికి 350, గ్రాండ్ అవార్డుకు 1000. మొదటి మెట్టును చూసి మాత్రం ఏమీ తేల్చకండి. దరఖాస్తుకు రుసుము ఉంటుంది, వడపోత తేలిక. 2008లో రాబిన్ గోల్డ్‌స్టీన్ అనే రచయిత మిలాన్‌లో లేని రెస్టారెంటు పేరుతో లిస్టు పంపి ఆ అవార్డు తెచ్చుకున్నాడు. పైగా ఆ లిస్టులోని ఖరీదైన సీసాలు అదే పత్రిక తక్కువ మార్కులు వేసినవి. గ్రాండ్ అవార్డు సంగతి వేరు, అది దొరకడం కష్టం.

8. మీ ప్లేటులో ఏముంది

కాబర్నేలోని వగరు టానిన్ల వల్ల వస్తుంది. టానిన్లు మన లాలాజలంలోని ప్రోటీన్లను పట్టుకుంటాయి కాబట్టి నోరు ఆరిపోయినట్టుంటుంది. కొవ్వు, రసం ఉన్న రిబ్‌ఐ ముక్కతో తింటే ఆ వగరు మెత్తబడుతుంది. ఫిలే మిన్యోన్ అనే ముక్కలో కొవ్వు తక్కువ కాబట్టి దానికి మెర్లో, పీనో న్వార్ లాంటి మృదువైనవి నప్పుతాయి.

మనవాళ్లలో ఎక్కువమంది మాంసాన్ని వెల్ డన్, అంటే లోపలిదాకా బాగా కాల్చి ఇవ్వమని అడుగుతారు. అందులో రసం తక్కువ, అంచులు కాస్త చేదెక్కుతాయి. దాని పక్కన కుర్ర నాపా కాబర్నే మరీ మొరటుగా అనిపిస్తుంది. మాల్బెక్, రియోహా హాయిగా ఉంటాయి. మిరియాలు, కారం దట్టించిన ముక్క అయితే 15 శాతం ఆల్కహాల్ ఉన్న వైన్ నోట్లో మంటను ఇంకా పెంచుతుంది, 13, 13.5 ఉన్నది చూడండి. బీఫ్ తినని ఇళ్లనుంచి వచ్చినవాళ్లు బల్ల దగ్గర తప్పకుండా ఉంటారు. లాంబ్ చాప్స్‌కు సిరా, రియోహా. సాల్మన్‌కు పీనో న్వార్. పుట్టగొడుగులు, క్రీమ్ పాలకూరతో సరిపెట్టుకునేవాళ్లకూ పీనోనే. నలుగురు నాలుగు రకాలు తింటుంటే ఒకే సీసా తెప్పించాల్సి వస్తే నా ఓటు రియోహా రిజర్వాకు.

9. సొమెలియేతో మాట్లాడటం

క్లయింట్ల ముందు "చవకలో ఏముంది" అని అడగలేం. లిస్టులో మీరు పెట్టదలచుకున్న ధర మీద వేలుంచి, "ఇలాంటిది ఏదైనా చెప్పండి" అనండి. వృత్తి తెలిసినవాళ్లకు వెంటనే అర్థమవుతుంది. ఏం తింటున్నారో, మీకు వగరు ఇష్టమో మెత్తదనం ఇష్టమో చెప్పండి. తర్వాత నేను ఎప్పుడూ అడిగే ప్రశ్న: "ఎవరూ అడగకపోయినా మీరు ఇష్టపడి లిస్టులో పెట్టుకున్నది ఏది?" దానికి కళ్లు వెలిగి జవాబు చెప్పే మనిషి ఉంటే ఆ రోజు ఎంపిక ఆయనకో ఆవిడకో వదిలేయండి. మీరు చూపిన ధరకు రెట్టింపుది చెబితే మర్యాదగా మళ్లీ అదే అంకె మీద వేలు పెట్టండి.

10. సీసా బల్ల దగ్గరికి వచ్చాక

తెరవకముందే పేరు, ఏడాది లిస్టుతో సరిచూసుకోండి. వేరే ఏడాది తెచ్చి "ఇదీ అంతే" అంటే, ధర కూడా అంతేనా అని అడిగే హక్కు మీకుంది. కొద్దిగా పోసినప్పుడు ముందు వాసన చూడండి. తడిసిన అట్టపెట్టె, ముక్కిన గది వాసన వస్తే కార్కు పాడైంది. టీసీఏ అనే రసాయనం వల్ల వచ్చే లోపం అది, ఎంతసేపు ఉంచినా పోదు. వెనక్కి పంపండి, మంచి చోట మారుమాట లేకుండా మారుస్తారు. లోపం లేకుండా రుచి నచ్చలేదని వెనక్కి పంపడం మాత్రం పద్ధతి కాదు.

రెడ్ వైన్ 16 నుంచి 18 డిగ్రీల సెల్సియస్‌లో బాగుంటుంది. బార్ గోడ మీద అలంకారంగా పేర్చిన సీసా తెస్తే 23, 24 ఉంటుంది, ఆల్కహాల్ ముక్కుకు కొడుతుంది. ఐస్ బకెట్ అడిగి పది నిమిషాలు పెట్టించండి. రెడ్‌కు ఐస్ అడిగారని ఎవరైనా వింతగా చూస్తే ఆ లిస్టు గురించి మీకు ఇంకో సంగతి తెలిసినట్టే. కుర్ర కాబర్నే అయితే డికాంటర్ అనే వెడల్పాటి గాజు కూజాలో పోయమనండి, దానికి విడిగా డబ్బు తీసుకోకూడదు.

రెట్లు మరీ ఎక్కువగా ఉండి, అక్కడికే వెళ్లక తప్పకపోతే ముందుగా ఫోన్ చేసి కార్కేజ్ ఎంతో కనుక్కోండి. మీ సీసా మీరు తెచ్చుకోనిచ్చి రుసుము తీసుకునే పద్ధతి అది. 25 నుంచి 50 డాలర్లు మామూలు, రాష్ట్రాన్నిబట్టి చట్టం మారుతుంది, కొన్ని చోట్ల అసలు ఒప్పుకోరు. వాళ్ల లిస్టులో ఉన్న వైన్‌నే తీసుకెళ్లకండి, సొమెలియేకు ఒక గుక్క పోసి ఇవ్వండి. సీసా మిగిలిపోతే టెక్సస్, న్యూయార్క్, కాలిఫోర్నియాతో సహా చాలా రాష్ట్రాల్లో భోజనంతో పాటు తీసుకున్న వైన్‌ను మూతబిగించి ఇంటికి తీసుకెళ్లనిస్తారు. బిల్లు దగ్గర పెట్టుకుని, సీసాను కారు డిక్కీలో పెట్టండి. తాగినవాళ్లు మాత్రం స్టీరింగ్ దగ్గర కూర్చోవద్దు.